మొదటి సెంటర్‌ఫైర్ పిస్టల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట చుట్టూ తిరిగాయి. .22 పిస్టల్‌తో చెయ్యి కుదిరింది, ఇక సెంటర్‌ఫైర్‌కి (తూటా అడుగున మధ్యలో పిన్ తగిలి పేలే పిస్టల్‌కి) వెళ్దామనుకుంటున్నాం, చేతిలో డబ్బు మాత్రం అంతంతే అని. అందుకే ఈ నెల పేజీలన్నీ దానికే ఇచ్చేశాం. ఒక్క మాట ముందే చెప్పాలి. లైసెన్సు నిబంధనలు, అనుమతించే క్యాలిబర్లు (గొట్టం, తూటా కొలతలు) దేశానికొక తీరుగా ఉంటాయి. బేరం మొదలుపెట్టే ముందే మీ చోట చట్టం ఏమంటుందో, మీ రేంజ్‌లో ఏ బుల్లెట్లు ఒప్పుకుంటారో కనుక్కోండి.

ప్రశ్న: రెండేళ్లుగా క్లబ్బువాళ్ల .22 పిస్టల్‌తో కాలుస్తున్నాను. సొంతానికి ఒక సెంటర్‌ఫైర్ కొనాలని ఉంది. పదిమందిని అడిగితే పది పేర్లు చెబుతున్నారు. తక్కువలో మంచిది ఏదో ఒక్క పేరు చెప్పండి.

పేరు చెప్పడం తేలికే, కానీ ముందు మీరు మాకో జవాబు చెప్పాలి: ఏ పోటీకి? ఇది తేల్చుకోకుండా కొన్న పిస్టల్ ఏడాది తిరక్కుండా అమ్మకానికి వస్తుంది.

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) 25 మీటర్ల సెంటర్‌ఫైర్ పోటీ అయితే ఒంటిచేత్తో 60 షాట్లు. మొదటి 30 ప్రిసిషన్ (నింపాదిగా గురిపెట్టేవి), అయిదేసి షాట్లకు అయిదు నిమిషాలు. తర్వాతి 30 ర్యాపిడ్, టార్గెట్ 3 సెకన్లు కనబడి 7 సెకన్లు మాయమవుతుంది, కనబడినప్పుడల్లా ఒక్క షాట్. క్యాలిబర్ 7.62 నుంచి 9.65 మి.మీ. లోపు ఉండాలి. బరువు 1,400 గ్రాములు, బ్యారెల్ (గొట్టం) 153 మి.మీ., రెండు సైట్ల (గురి చూసే గుర్తుల) మధ్య దూరం 220 మి.మీ. దాటకూడదు. ట్రిగ్గర్ కనీసం 1,000 గ్రాములు మోయాలి. బుల్లెట్లు సీసంవో, అలాంటి మెత్తని లోహంవో కావాలి. రాగి తొడుగున్నవి కుదరవు. ఈ చివరి నియమం తెలియక దుకాణంలో దొరికే మామూలు 9 మి.మీ. రౌండ్ల పెట్టెలు పట్టుకుని పోటీకి వెళ్లి వెనుదిరిగేవాళ్లు ఉంటారు.

కాగితం మీద గురి కన్నా వేగం, కదలిక ఇష్టమై ఐపీఎస్‌సీ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సంస్థ) లాంటి ప్రాక్టికల్ పోటీలకి వెళ్లేవారికి 9×19 (19 మి.మీ. కేసున్న మామూలు 9 మి.మీ. తూటా), ఎక్కువ రౌండ్లు పట్టే మ్యాగజైన్ కావాలి. 50 గజాల్లో నెమ్మదిగా, 25 గజాల్లో గడియారంతో పోటీపడుతూ ఒంటిచేత్తో కాల్చే బుల్స్‌ఐ పద్ధతైతే .45కి ఇప్పటికీ పెద్దపీటే.

పోటీ ఇంకా తేల్చుకోనివారికి, క్లబ్బులో కాగితం మీద కాల్చుకుంటే చాలనుకునేవారికి మా ఓటు చెక్ తయారీ సీజెడ్ 75 కుటుంబానికి, అందులోనూ ఎస్‌పీ-01కి. ఇనుము శరీరం, కిలో పైచిలుకు బరువు, కోడి (వెనక ఉండి పిన్‌ని కొట్టే సుత్తి, హ్యామర్) లేపి కాలిస్తే తేలిగ్గా తెగే ట్రిగ్గర్. దీని స్లయిడ్ (కాల్చినప్పుడు వెనక్కి వెళ్లొచ్చే పైభాగం) ఫ్రేమ్‌కి బయట కాకుండా లోపలి గాడుల్లో నడుస్తుంది. బ్యారెల్ కూడా చేతికి దగ్గరగా, కిందుగా ఉండి, పేలినప్పుడు చేతికి తగిలే తన్ను తగ్గినట్టు అనిపిస్తుంది. అదే నమూనా మీద ఇటలీలో తయారయ్యే టాన్‌ఫోలియో పిస్టళ్లూ బాగుంటాయి. అంతకన్నా తక్కువలో కావాలంటే పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేమ్ ఉన్న టర్కీ తయారీ కనిక్ టీపీ9 ఎస్ఎఫ్ఎక్స్. దాని ట్రిగ్గర్ ధరకి మించి బాగుంటుంది.

ప్రశ్న: మొత్తం బడ్జెట్ పిస్టల్‌కే పెట్టేసి మంచిది కొంటే, మిగతావి నెమ్మదిగా సమకూర్చుకోవచ్చు కదా?

వద్దు. ఉన్నదాంట్లో సగం, మహా అయితే అరవై శాతం పిస్టల్‌కి. మిగతాది తూటాలకీ, మ్యాగజైన్లకీ, చెవులకీ.

లెక్క చూడండి. వారానికి ఒక 50 రౌండ్ల పెట్టె అంటే పెద్ద సాధనేమీ కాదు, అయినా ఏడాదికి 2,600 రౌండ్లు. మీ చోట ఆ 2,600 రౌండ్ల ధరెంతో ఒక కాగితం మీద రాసి, పక్కన పిస్టల్ ధర రాయండి. రెండో ఏడాదికి తూటాల ఖర్చు ఎక్కడుంటుందో ఆ కాగితమే చెబుతుంది. ఖరీదైన పిస్టల్ కొని నెలకి ఇరవై రౌండ్లు కాల్చేవాడి స్కోరు, మామూలు పిస్టల్‌తో నెలకి రెండు వందలు కాల్చేవాడి స్కోరుని అందుకోదు.

పిస్టల్‌తోపాటే కొనాల్సినవి: మొత్తం నాలుగైదు మ్యాగజైన్లు ఉండేలా అదనపువి, రేంజ్‌లో ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని దూరానికి కనబడేలా పెట్టే రంగు జెండా, కంటి అద్దాలు, చెవి రక్షణ, శుభ్రం చేసే కడ్డీ, తాళం పెట్టుకునే పెట్టె. 9 మి.మీ. పిస్టల్ చప్పుడు కాల్చేవారి చెవి దగ్గర సుమారు 160 డెసిబెల్స్. నాలుగు గోడల మధ్య కాల్చేచోట చెవిలో పెట్టుకునే ప్లగ్గులు, వాటిమీద మఫ్‌లు, రెండూ వాడండి. ఆదా చేసే చోటు ఇది కాదు.

ప్రశ్న: 9 మి.మీ., .38 స్పెషల్, .32, .45లలో కొత్తవారికి ఏది? తన్ను భయం నాకు కాస్త ఉంది.

తన్నుని మాటల్లో కాకుండా అంకెల్లో పోల్చుకుంటే భయం సగం పోతుంది. బుల్లెట్ బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది చేతికి తగిలే తోపుకి మంచి అంచనా. .22లో 2.6 గ్రాములు, సెకనుకి 300 మీటర్లు, గ్రాముల్ని కిలోల్లోకి మారిస్తే దగ్గర దగ్గర 0.8. అదే లెక్కన .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ వాడ్‌కట్టర్‌కి (బల్లపరుపు మొహమున్న బుల్లెట్‌కి) సుమారు 1.5. .38 స్పెషల్ వాడ్‌కట్టర్‌కి 2.2. 9 మి.మీ. 124 గ్రెయిన్లకి (సుమారు 8 గ్రాములకి) 2.8. మామూలు .45 తూటాకి 3.8. మీ చేతికి అలవాటైన 0.8 నుంచి ఒక్కసారిగా 3.8కి దూకడం ఎంత పెద్ద గెంతో చూడండి. పిస్టల్ బరువు పెరిగేకొద్దీ ఈ తోపు మెత్తబడుతుంది. అందుకే ఒకే 9 మి.మీ. రౌండు 700 గ్రాముల పాలిమర్‌లో చురుగ్గా, కిలో దాటిన ఇనుములో నెమ్మదిగా తంతుంది.

గురికి మాత్రమే చూస్తే .32 లాంగ్ అన్నిటికన్నా హాయి. చిక్కెక్కడంటే దానికి తయారయ్యే సెమీ ఆటోలు (కాల్చగానే తర్వాతి తూటా తనే ఎక్కించుకునేవి) వాల్తర్ జీఎస్‌పీ, పార్దినీ హెచ్‌పీ లాంటి పోటీ పిస్టళ్లు. పాతవి కూడా చవగ్గా రావు, తూటాలు అన్నిచోట్లా దొరకవు. .38 స్పెషల్ 1898 నాటిది. దాని 148 గ్రెయిన్ల వాడ్‌కట్టర్ మొహం బల్లపరుపుగా ఉండి కాగితంలో పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి కన్నం కోస్తుంది. గుండ్రటి ముక్కున్న బుల్లెట్ కాగితాన్ని చించుకుంటూ పోతుంది, గీత తగిలిందా లేదా అని వాదన వస్తుంది. 9×19 కొత్తది, పాతది, తూటా, ఖాళీ కేసు, ఏదైనా ఎక్కువగా, చవగ్గా దొరుకుతుంది. చాలామందికి తేల్చేసేది ఇదే. సైన్యం వాడే క్యాలిబర్ అని 9×19ని పౌరులకి నిషేధించిన చోట్లున్నాయి. అప్పట్లో అలా నిషేధించిన ఇటలీ లాంటి మార్కెట్ల కోసమే 9×21 పుట్టింది; ఇటలీలో ఆ నిషేధం 2022లో పోయింది.

మా మాట: సాధారణ సాధనకి 9 మి.మీ., ఐఎస్ఎస్ఎఫ్ మీద మనసుంటే .38 రివాల్వర్. .45ని రెండో పిస్టల్‌గా ఉంచుకోండి.

ప్రశ్న: రిమ్‌ఫైర్‌కి, సెంటర్‌ఫైర్‌కి తేడా ఏమిటి? .22ని ఖాళీగా నొక్కొద్దంటారు, దీన్ని నొక్కొచ్చా?

.22లో మందు అంటించే రసాయనం కేసు అడుగున అంచు మడతలో ఉంటుంది, పిన్ ఆ అంచునే కొడుతుంది. ఛాంబర్‌లో తూటా లేకపోతే చాలా నమూనాల్లో పిన్ నేరుగా ఛాంబర్ అంచు ఇనుముకి తగిలి గంటు పెడుతుంది. సెంటర్‌ఫైర్‌లో అడుగున మధ్యలో విడి ప్రైమర్ ఉంటుంది. దాన్ని తీసి కొత్తది పెట్టి కేసుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ఖాళీ ఛాంబర్‌లో పిన్‌కి తగలడానికి ఏమీ ఉండదు కాబట్టి డ్రై ఫైర్‌కి (ఖాళీగా నొక్కడానికి) చాలామటుకు భయం లేదు. సీజెడ్ 75 లాంటి కొన్నిటిలో మాత్రం పిన్‌ని ఆపి ఉంచే సన్న మేకు దెబ్బలు తిని విరుగుతుంది. రోజూ సాధన చేసేవారు స్నాప్ క్యాప్ (పిన్ దెబ్బ కాచుకునే ఉత్తుత్తి తూటా) పెట్టుకోండి.

ప్రశ్న: రివాల్వర్ అంటే పాతకాలపు వస్తువని నవ్వుతున్నారు. నిజంగా పనికిరాదా?

నవ్వనివ్వండి. 6 అంగుళాల బ్యారెల్, కదిపే వెనక సైట్ ఉన్న స్మిత్ అండ్ వెసన్ 686 గానీ, మోడల్ 14 గానీ, రూగర్ జీపీ100 గానీ పాతది మంచి స్థితిలో దొరికితే, ఆ డబ్బుకి అంత గురినిచ్చే సెమీ ఆటో దొరకడం కష్టం. 6 అంగుళాలంటే 152.4 మి.మీ., 153 గీత లోపలే. కోడి లేపి కాల్చినప్పుడు ట్రిగ్గర్ గాజుపుల్ల విరిగినట్టు తెగుతుంది. తూటా ఎంత మెత్తగా ఉన్నా ఫర్వాలేదు, స్లయిడ్‌ని తోయాల్సిన పని దానికి లేదు. ఖాళీ కేసులు నేలమీద ఏరుకోనక్కర్లేదు, చేతిలోకే వస్తాయి. ఖాళీ కేసుల్ని మళ్లీ నింపుకునే (రీలోడ్ చేసే) వారికి అదే పెద్ద లాభం.

కష్టమంతా ర్యాపిడ్‌లో. ప్రతి షాట్‌కీ కోడి లేపుకోవాలి. లేదా డబుల్ యాక్షన్‌లో (కోడిని కూడా ట్రిగ్గరే లేపే పద్ధతిలో) నాలుగైదు కిలోల ట్రిగ్గర్ లాగాలి. 7 సెకన్ల విరామంలో కోడి లేపుకుని మళ్లీ పట్టు సరిచేసుకోవడం సాధనతో వస్తుంది కానీ మొదటి నెలల్లో చిరాకు పెడుతుంది.

.357 మ్యాగ్నం రివాల్వర్లో .38 స్పెషల్ కాల్చేవారికి ఒక జాగ్రత్త. .38 కేసు పొట్టిది, దాని మూతి దగ్గర ఛాంబర్‌లో మసి ఉంగరంలా పేరుకుంటుంది. కొన్ని వందల రౌండ్లకి ఒకసారి ఇత్తడి బ్రష్‌తో గోకకపోతే తర్వాత పెట్టిన .357 రౌండు లోపలికి దిగదు. బలంగా తోయకండి, బ్రష్ తీయండి.

ప్రశ్న: నా చేతులు చిన్నవి. రేంజ్‌లో ఏ పిస్టల్ పట్టుకున్నా వేలు ట్రిగ్గర్‌కి చాలీచాలకుండా ఉంటోంది. ఎలా చూసుకోవాలి?

మేడమ్, పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, గురిపెట్టే చేతిలో ఇలా పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుంట గ్రిప్ వెనక పైభాగానికి గట్టిగా ఆనాలి. పిస్టల్ వెనక భాగం, మణికట్టు, మోచెయ్యి ఒకే వరసలో ఉండాలి. ఇప్పుడు పట్టు కదపకుండా చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. వేలి చివరి కణుపులో మెత్తని భాగం మధ్య ట్రిగ్గర్ మధ్యకి రావాలి. ఫ్రేమ్ పక్కకీ వేలి రెండో కణుపుకీ మధ్య ఒక సన్నని వెలుగు గీత కనబడాలి. ఆ గీత లేకపోతే వేలు వెనక్కి లాగుతూనే ఫ్రేమ్‌ని పక్కకి నెడుతుంది. గుండ్లు అడ్డంగా పరుచుకుంటాయి, మీరు సైట్లని తిట్టుకుంటారు.

వేలు అందకపోతే చెయ్యి తిప్పి పట్టుకుని సరిపెట్టుకోవద్దు. డబుల్ యాక్షన్ పిస్టళ్లలో మొదటి షాట్‌కి ట్రిగ్గర్ దూరంగా ఉంటుంది, కోడి లేపి ఉంచితే బాగా వెనక్కి వస్తుంది. రెండు స్థితుల్లోనూ కొలవండి. సన్న గ్రిప్ పలకలు, మార్చుకునే వెనక పలకలున్న పాలిమర్ నమూనాలు, ఒకే వరస మ్యాగజైన్ ఉన్న కోల్ట్ 1911 నమూనా 9 మి.మీ. పిస్టళ్లు మీ చేతికి కుదరొచ్చు. ఎడమచేతి వారయితే మ్యాగజైన్ బటన్, సేఫ్టీ రెండు వైపులా ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి.

ప్రశ్న: కొత్త పిస్టల్ ట్రిగ్గర్ రెండున్నర కిలోలు లాగుతోంది. స్ప్రింగులు మార్చి తేలిక చేసుకోవచ్చా?

తొందరపడొద్దు. వెయ్యి రౌండ్లు, రెండు వేల డ్రై ఫైర్లు అయ్యాక లోపలి పలకలు ఒకదానికొకటి అరిగి నున్నబడతాయి. బరువు పెద్దగా తగ్గకపోయినా గరుకు పోతుంది. గురిని పాడు చేసేది బరువు కన్నా గరుకే.

మార్చేవారు ఎక్కువగా చేసే పొరపాటు, కోడి స్ప్రింగుని మరీ మెత్తనిది వేసేయడం. పిన్ దెబ్బ చాలదు, ప్రైమర్ మీద గుంట లోతు లేకుండా పడుతుంది, రౌండు పేలదు. ఒక్కో కంపెనీ ప్రైమర్ ఒక్కో గట్టితనంలో ఉంటుంది. కాబట్టి దుకాణంలో కాల్చి చూసిన పెట్టెతో బాగా పేలిన పిస్టల్ పోటీరోజు మరో పెట్టెతో మొండికేస్తుంది. పేలని రౌండు పడితే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా అంటుకోవచ్చు. కోడి పట్టుకునే గాటు మీద ఆకురాయి పెట్టడం మాత్రం మీ పని కాదు, తుపాకీ మెకానిక్ పని. ఒక వెంట్రుకవాసి ఎక్కువ తీసినా స్లయిడ్ మూసుకున్న అదురుకే కోడి పడిపోవచ్చు.

పోటీ కనీస బరువు పరీక్షలో గొట్టాన్ని నిలువుగా పైకి పెట్టి, ట్రిగ్గర్‌కి తూకం తగిలించి లేపుతారు. 1,000 గ్రాముల గీత ఉన్నచోట 1,000కే సరిగ్గా పెట్టుకుంటే వాతావరణం, నూనె, అరుగుదల ఏదో ఒకటి మోసం చేస్తుంది. 1,100 దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: పాత పిస్టల్ ఒకటి బేరానికి ఉంది. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. ఏమేం చూడాలి?

మెరుపు చూడకండి. మ్యాగజైన్ తీయండి, స్లయిడ్ వెనక్కి లాగి ఆపండి, ఛాంబర్‌లోకి కంటితో చూసి చిటికెన వేలితో తడమండి. ఆ తర్వాతే మిగతా పరీక్ష.

బ్యారెల్ విడదీసి వెలుతురు వైపు పెట్టి చూడండి. లోపలి గాడుల మీద ఎక్కడైనా నల్లటి ఉంగరం లాంటి నీడ కనబడితే, ఒక బుల్లెట్ లోపల ఇరుక్కుని ఉండగా వెనకే ఇంకొకటి కాల్చారన్నమాట. అక్కడ గొట్టం ఉబ్బింది. అనుమానముంటే కడ్డీకి బిగుతుగా గుడ్డముక్క చుట్టి నెట్టండి. అంతసేపూ బిగుతుగా వెళ్లి ఒకచోట చటుక్కున వదులైతే ఖాయం. ఆ బేరం వదిలేయండి. గాడుల్లో సీసం మకిలి ఉంటే ఫర్వాలేదు, శుభ్రం చేస్తే పోతుంది. తుప్పు గుంటలు పోవు. మూతి అంచు మీద గంటు ఉందేమో గోటితో తడిమి చూడండి. బుల్లెట్ చివరిసారి తాకేది అక్కడే, ఒకవైపు గంటుంటే గ్రూప్ (గుండ్లు పడే గుంపు) విచ్చుకుంటుంది.

మళ్లీ జోడించి స్లయిడ్ ముందుకి మూసి, కేసు బయటపడే కిటికీలోంచి బ్యారెల్ తలమీద బొటనవేలితో గట్టిగా నొక్కండి. కిందికి దిగకూడదు. స్లయిడ్ ఫ్రేమ్ మీద కాస్త గలగలలాడినా కంగారుపడొద్దు. గురి నిలబెట్టేది బ్యారెల్ ప్రతిసారీ ఒకేచోట కూర్చోవడం. అమ్మేవాళ్లు గలగలని దాచడానికి చిక్కని గ్రీజు పూస్తుంటారు, తుడిచి చూడండి.

తర్వాత కోడి. లేపి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో వెనకనుంచి ముందుకి గట్టిగా తోయండి. పడితే ప్రమాదం. ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లయిడ్ లాగి వదలండి, కోడి లేచి నిలబడాలి. ట్రిగ్గర్ మెల్లగా వదిలితే 'టిక్' అని వినబడాలి, మళ్లీ నొక్కితే పడాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, సేఫ్టీ తీయండి. తీసేటప్పుడు కోడి పడితే అది సేఫ్టీ కాదు, అలంకారం.

మ్యాగజైన్ పెదవులు రెండువైపులా ఒకేలా ఉన్నాయా, పగులుందా చూడండి. రీకాయిల్ స్ప్రింగ్ (స్లయిడ్‌ని మళ్లీ ముందుకి తోసేది) ఎప్పుడు మార్చారో అమ్మేవాడికి గుర్తుండకపోతే మీరే కొత్తది వేసేయండి. 9 మి.మీ.లో మూడు నుంచి అయిదు వేల రౌండ్లకి మార్చడం మంచి అలవాటు. సీజెడ్ 75 వర్గంలో స్లయిడ్ స్టాప్ (స్లయిడ్‌ని వెనక ఆపే మీట) విరగడం తెలిసిన జబ్బే, అదనంగా ఒకటి సంచీలో ఉంచుకోండి.

బేరం రివాల్వర్‌దైతే పరీక్ష వేరు. సిలిండర్ మీద వేలితో లేశంగా అడ్డుపెడుతూ కోడిని నెమ్మదిగా లేపండి. కోడి పూర్తిగా లేచేలోపే సిలిండర్ 'టక్' మని తాళం పడాలి. ఒక్క గది వెనకబడినా టైమింగ్ పోయినట్టే, కాబట్టి అన్ని గదులకీ చేయండి. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే సన్న రేకులతో) కొలిస్తే 0.10 నుంచి 0.20 మి.మీ. మధ్య రావాలి. ఎక్కువైతే సీసం చిప్పలు పక్కన నిలబడ్డవారి మీదికి చిమ్ముతాయి. సన్న ఫ్రేమ్ .357లలో బ్యారెల్ వెనక మూతి కింది అంచున పగులు పడుతుంటుంది, అద్దం పెట్టి అక్కడ చూడండి.

ప్రశ్న: కొత్త 9 మి.మీ.తో 25 మీటర్లలో నా గుండ్లన్నీ కిందికి, ఎడమకి పడుతున్నాయి. కుడిచేతి వాణ్ని. సైట్లు చెడిపోయాయా?

సైట్లు తిప్పకండి, ముందు మీ చెయ్యి సంగతి తేల్చాలి. కుడిచేతివారికి కింద ఎడమ అంటే చాలాసార్లు ట్రిగ్గర్‌ని మెల్లగా లాగకుండా ఒక్క ఉదుటున గుంజడమే, లేదా పేలుడుకి ముందే మణికట్టు బెదరడం. తోటి షూటర్‌తో మ్యాగజైన్ నింపించుకోండి, అయిదింట్లో ఒకటో రెండో డమ్మీ రౌండ్లు మీకు తెలియని వరసలో పెట్టాలి. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం మూతి కిందికి ముక్కు వంచితే జబ్బు దొరికినట్టే. సైట్ కదలకుండా నిలిచేదాకా ఇదే సాధన.

బల్లమీద సంచీకి ఆనించి మీ గురువు కాల్చినా అదే చోట పడుతుంటే అప్పుడు సైట్లు. వెనక సైట్‌ని గుండు ఎటు వెళ్లాలో అటు జరపాలి, ముందు సైట్‌ని దానికి ఎదురు. కదలని సైట్లున్న పిస్టల్లో ఎత్తు సరిచేయాలంటే ముందు సైట్ ఆకురాయితో తీయాలి. ఎంత తీయాలో లెక్క ఉంది: గుండు తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించండి. 25 మీటర్లలో 60 మి.మీ. కింద పడుతోంది, సైట్ల మధ్య 160 మి.మీ. ఉన్నాయనుకుంటే 60 × 160 ÷ 25,000, అంటే 0.38 మి.మీ. అర మిల్లీమీటరు కూడా కాదు. సగం తీసి కాల్చి చూడండి, తీసినది మళ్లీ అతకదు.

అదే లెక్కని తిరగేస్తే సైట్ల మధ్య దూరం ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. 160 మి.మీ. పిస్టల్లో ముందు సైట్ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్లలో 156 మి.మీ. తప్పు. 220 ఉన్నదాంట్లో 114. ప్రిసిషన్ టార్గెట్ పది వృత్తం 50 మి.మీ., తొమ్మిది 100. మిల్లీమీటరులో మూడో వంతు ఒరిగినా పొట్టి పిస్టల్ పది దాటిపోతుంది. తొలి పిస్టల్‌గా జేబు సైజు పొట్టివాటిని కొనొద్దనేది ఇందుకే. సైట్లు కంటికి గజిబిజిగా ఉంటే చూపు ముందు సైట్ మీదే నిలపండి, టార్గెట్ మసకగా ఉండనివ్వండి.

ప్రశ్న: పిస్టల్ గ్రూప్ ఎంత ఉంటే కొనొచ్చు? ప్రకటనల్లో ఏవేవో అంకెలు చెబుతున్నారు.

బల్లకి ఆనించి 25 మీటర్లలో పది షాట్లు 75 మి.మీ.లో పడితే మొదటి పిస్టల్‌కి చాలు. అది తొమ్మిది వృత్తంలోపలే. ప్రకటనలో మూడు షాట్ల గ్రూప్ చూపిస్తే పట్టించుకోకండి. మూడు షాట్లు ఎవరికైనా ఎప్పుడో ఒకసారి దగ్గరగా పడతాయి.

ప్రశ్న: చవగ్గా ఉంటుందని రీలోడ్ చేసుకుంటున్నాను. మెత్తగా కాల్చాలని మందు తగ్గిస్తే స్లయిడ్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. ఏం చేయాలి?

సెమీ ఆటోకి తూటాయే ఇంజను. దాని బలం తగ్గిస్తే స్ప్రింగు బలం కూడా తగ్గాలి. ఒకే ఒక్క రౌండు మ్యాగజైన్‌లో పెట్టి కాల్చండి. స్లయిడ్ వెనక ఆగాలి. ఆగకపోతే ఒక మెట్టు మెత్తని రీకాయిల్ స్ప్రింగ్ వేసి చూడండి, లేదా ప్రచురిత మాన్యువల్ ఇచ్చిన మొదటి కొలత కన్నా కిందికి వెళ్లారేమో చూడండి. పట్టు వదులుగా ఉన్నా ఇదే లక్షణం కనబడుతుంది, కాబట్టి గట్టి పట్టున్న మరొకరి చేత కాల్పించండి. ఐపీఎస్‌సీకి వెళ్తారంటే మెత్తదనానికి హద్దుంది: బుల్లెట్ గ్రెయిన్లని సెకనుకి అడుగుల వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చే పవర్ ఫ్యాక్టర్ కనీసం 125 ఉండాలి. 147 గ్రెయిన్లు 900 అడుగుల వేగంతో 132. అదే ఫ్యాక్టర్‌లో తేలిక బుల్లెట్ కన్నా ఇది చేతికి మెత్తగా అనిపిస్తుంది.

కొత్త కొలత ఒక పెట్టెడు చేసుకునే ముందు రెండే చేసి, విప్పిన బ్యారెల్ ఛాంబర్‌లో పడేయండి. 'టక్' మని దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ బోర్లిస్తే తనంతట తనే జారిపడాలి. సీజెడ్ బ్యారెల్లలో గాడులు ఛాంబర్‌కి మరీ దగ్గర నుంచే మొదలవుతాయి. వేరే పిస్టల్‌కి సరిపోయిన పొడవు ఇందులో బుల్లెట్‌ని గాడుల్లోకి ఇరికిస్తుంది. అయితే పొడవు తగ్గించిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుందని మరవకండి. బుల్లెట్ ముక్కుని బల్లకేసి బొటనవేలితో గట్టిగా నొక్కి, ముందూ వెనకా క్యాలిపర్‌తో కొలవండి. తగ్గిందంటే కేసు పట్టు చాలడం లేదు.

.38 స్పెషల్ వారికి: టార్గెట్ కొలతకి మందు కేసులో సగం కూడా నిండదు. పొరపాటున రెండుసార్లు పోసినా పైకి పొర్లదు, బుల్లెట్ చక్కగా కూర్చుంటుంది, రివాల్వర్ మాత్రం పగులుతుంది. యాభై కేసులూ చెక్కలో నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదాని లోపలికీ చూశాకే బుల్లెట్లు పెట్టండి. గ్లాక్ పిస్టళ్లకి తొడుగు లేని సీసం బుల్లెట్లు వాడొద్దని కంపెనీయే చెబుతుంది, గుర్తుంచుకోండి. రేంజ్ నుంచి వచ్చాక, ఏరుకొచ్చిన కేసులు ముట్టుకున్నాక, చేతులు చన్నీళ్లతో సబ్బుతో కడుక్కుని గానీ ఏమీ తినొద్దు.

ప్రశ్న: రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపే సైట్) పెట్టించుకుంటే గురి త్వరగా కుదురుతుందట?

కుదురుతుంది, కళ్లు మసకబారిన వయసులో వరం కూడా. కానీ ఐఎస్ఎస్ఎఫ్‌లో ఒప్పుకోరు. ఐపీఎస్‌సీలో దానికి వేరే డివిజన్లు ఉన్నాయి. మొదటి ఆరునెలలు మామూలు సైట్లతో కాల్చి, ఆ డబ్బుతో తూటాలు కొనుక్కోండి. తర్వాత కావాలనిపించొచ్చు కాబట్టి, కొనేటప్పుడే స్లయిడ్‌లో డాట్ కోసం గాడి ఉన్న నమూనా దొరికితే అదే తీసుకోండి.